ఢోలక్ ఆగిన తర్వాత

నల్లజాతి ఆడపిల్లలకు ర్యాప్ పాట బలాన్నిచ్చింది అంటుంటారు. ఈ మాటను సవరించాలి. వాళ్ల చప్పట్లాటల్లో, తాడాటల్లో కట్టుకున్న పాటల దరువే హిప్‌హాప్‌లోకి నడిచొచ్చిందని కైరా గాంట్ 2006లో పుస్తకమే రాసింది. హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునే 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో రికార్డులు తిప్పింది కూల్ హెర్క్. ఆ వేడుక పెట్టింది అతని చెల్లెలు సిండీ. చరిత్రలో అన్న పేరే మోగింది.

1984లో యూటీఎఫ్ఓ అనే మగ బృందం, తమను లెక్కచేయని రాక్సాన్ అనే అమ్మాయి మీద పాట తెచ్చింది. 14 ఏళ్ల రాక్సాన్ షాంటే ఆ అమ్మాయి తనే అయి జవాబిచ్చింది. కాగితం మీద రాసుకోలేదు. అక్కడికక్కడే కట్టింది. మగాళ్ల పాటలో బొమ్మకి నోరొచ్చింది. ఆ పాట విలువంతా అక్కడే ఉంది.

అది వింటే నాకు మా అర్ధవీడు వైపు పెళ్లిళ్లు గుర్తొస్తాయి. మెహందీ రాత్రి ఖాలాలు, ఫుప్పూలు ఢోలక్ చుట్టూ చేరతారు. ఒకామె దరువేస్తే ఇంకొకామె చెంచాతో చెక్క మీద తాళం కొడుతుంది. వియ్యపురాలి పిసినారితనం, ఆడబిడ్డ దురుసుతనం, దేన్నీ వదలరు. పేర్లు మార్చి అప్పటికప్పుడు చరణం కలుపుతారు. ఫ్రీస్టైల్ అంటే ఇదే కదా! దక్కనులో సూఫీల చక్కీనామాలు కూడా తిరగలి తిప్పే ఆడవాళ్ల నోటనే బతికాయి.

మరి తేడా ఎక్కడ? నిఖా అవగానే మన ఢోలక్ ఆగిపోతుంది. రాత్రి అత్తల్ని దులిపేసిన గొంతు, తెల్లారి అత్తింట్లో పెగలదు. ఆ వెక్కిరింతకి అనుమతి ఉంది కాబట్టే దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. షాంటే ఎవరి అనుమతీ అడగలేదు. రేడియోకెక్కి మగాళ్ల చెవిలోనే పడింది.

హిప్‌హాప్‌ను పూజించమని కాదు. ఆడదాన్ని సరుకు చేసిన పాటలు అందులో కుప్పలున్నాయి. ఆ తిట్టుమాటల మీదే 1993లో క్వీన్ లతీఫా తిరగబడాల్సి వచ్చింది.

మన సంగతీ చూసుకుందాం. 1998లో 'జల్‌జలా' తెలుగు కవిత్వంలో ముస్లిం గొంతును నిలబెట్టింది. 2005లో షాజహానా 'నఖాబ్'తో ముస్లిం స్త్రీ తన మాట తనే చెప్పుకుంది. కానీ అచ్చు చదువుకున్నవాళ్లది. మార్కాపురం పలకల పనిలో దుమ్ము మింగిన ఆడవాళ్లు పిల్లల చేతికి పలకలిచ్చారు. వాళ్ల పాట ఏ పలక మీదా ఎక్కలేదు. ఢోలక్ పాటని పెళ్లి సరదా అన్నామే గానీ సాహిత్యం అన్నామా?

మైకిచ్చి ర్యాప్ నేర్పితే సాధికారత వచ్చేయదు. మన పిల్లలకు గొంతు ఎవరూ ఇవ్వక్కర్లేదు, ఉంది. ఢోలక్ ఆగిన తర్వాత కూడా దాన్ని వినే దమ్ము మనకుందా?