సంతకం లేని తిరుగుబాటు

తిరుగుబాటు కవి అనగానే మన విమర్శకుల కళ్లకు ఒక బొమ్మ కడుతుంది. చెదిరిన జుట్టు, వేళ్ల మధ్య సిగరెట్టు, లోకమంతా ఒకవైపు, తానొక్కడే మరోవైపు! గదిలో ఒంటరిగా కూర్చుని నిప్పులు కురిపిస్తూ ఉంటాడు. ఆ గదిలోకి వేళకి కాఫీ ఎవరు పట్టుకెళ్లారో మాత్రం ఏ విమర్శకుడూ రాయడు.

నాకు ఆ బొమ్మ మీద కోపం లేదు గానీ, నమ్మకమూ లేదు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. అంకితం స్నేహితుడు కొంపెల్ల జనార్దనరావుకి, ముందుమాట చలానిది. లోకాన్నే ధిక్కరించిన దిగంబర కవులు కూడా 1965లో ఆరుగురు జట్టుగానే వచ్చారు. ఒంటరి వీరుడెక్కడండీ?

అసలు సంతకమే లేని తిరుగుబాటు ఒకటుంది. అది మన స్త్రీల రామాయణపు పాటల్లో ఉంది. వాల్మీకి ఊర్మిళ సంగతి ఎత్తీ ఎత్తనట్టు వదిలేశాడు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాట వదల్లేదు. పద్నాలుగేళ్ల తర్వాత లక్ష్మణుడు గదిలోకి వస్తే, నిద్రమత్తులో ఉన్న ఊర్మిళ ఎవరు నువ్వని నిలదీస్తుంది. మా నాన్న జనకుడికి తెలిస్తే ఊరుకోడంటుంది. పరస్త్రీ జోలికి వెళ్లిన ఇంద్రుడూ, రావణుడూ ఏమయ్యారో గుర్తుచేస్తుంది. పెళ్లాన్ని వదిలి అన్న వెంట వెళ్లిన మొగుడికి ఇంతకన్నా చీవాట్లేముంటాయి? ఇక ‘లక్ష్మణదేవర నవ్వు’లో ఆయన నిండు సభలో ఒక్క నవ్వు నవ్వుతాడు. అంతే, గుమ్మడికాయల దొంగల్లా అందరూ భుజాలు తడుముకుంటారు!

ఇవి ఎవరు కట్టారంటే ఏ ఒక్కరి పేరూ చెప్పలేం. తల్లి దగ్గర నేర్చుకున్న పాటకి కూతురు ఒక చరణం కలిపి ఉంటుంది, కోడలు పుట్టింటి వరస తెచ్చి ఉంటుంది. అత్తగారి ఎదుట ఒక్కతే అనలేని మాటని పదిమందీ కలిసి పాడితే అది పాటైపోతుంది. అప్పుడు ఎవరిని కోప్పడతారు? పైగా అత్తగారే గొంతు కలిపితే?

1955లో ‘కృష్ణశ్రీ’ ఈ పాటల్ని సంపుటంగా తెచ్చారు. 1991లో వెల్చేరు నారాయణరావు ఇంగ్లీషులో రాసిన వ్యాసంలో ఇది ఆడవాళ్ల సొంత రామాయణమని చూపించారు. అయినా మన విమర్శకుల్లో చాలామంది వీటిని ‘జానపదం’ అరలోనే సర్దేస్తారు. పేరుంటే విప్లవం, పేరు లేకపోతే కాలక్షేపం!

బృందానికీ లోపం లేకపోలేదు. పదిమందికీ నచ్చాలి గనక ఊర్మిళ చివరికి సర్దుకుపోతుంది. ఆ కోపాన్ని కడదాకా లాగాలంటే ఒక్కరి మొండితనమే కావాలి. అందుకే మనకి చలమూ కావాలి. కానీ చలం కన్నా ముందే వంటింటి గడప దగ్గర ప్రశ్న పుట్టిందన్న సంగతి మరవకూడదు.

మీ ఇంట్లో అమ్మమ్మగారి పాటల నోటుపుస్తకం ఉంటే పాతకాగితాల వాడికి వెయ్యకండి. ఏ పాట ఎవరు పాడేవారో, ఏ చరణం ఎవరు కలిపారో ఆ పెద్దవాళ్లనే అడిగి పక్కన రాసిపెట్టండి. అడగడానికి వాళ్లు ఉండగానే సుమా!