హౌరానీ అరబ్బుల చరిత్ర - ఒక పరిశీలన

ఆల్బర్ట్ హౌరానీ ‘అరబ్బు ప్రజల చరిత్ర’ (1991) 14వ శతాబ్దపు ఇబ్న్ ఖల్దూన్‌తో మొదలవుతుంది. ఆయన చెప్పిన ‘అసబియ్యా’ను, అంటే పాలకవర్గాన్ని కట్టి ఉంచే సంఘీభావాన్ని, గ్రంథకర్త ఆధునిక ప్రభుత్వాలకూ అన్వయించారు. నగరాలు, ఉలమాలు, వర్తక మార్గాలు - ఈ భాగాలు చదివి తీరవలసినవి. 1948 దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం వేగం హెచ్చింది. సుమారు 7 లక్షల మంది పాలస్తీనీయులు ఇల్లూ వాకిలీ విడిచిన ఉదంతం కొద్ది పేజీల్లోనే ముగుస్తుంది. 1946లో ఆంగ్లో-అమెరికన్ విచారణ సంఘం ఎదుట పాలస్తీనాలో యూదు రాజ్యం తగదని వాదించినవారు ఈ హౌరానీయే. ఆ సాక్షి గొంతు ఇక్కడ వినిపించదు. సంయమనం చరిత్రకారునికి భూషణమే, కాదనలేం. కాని 1967 తరువాతి కాలానికి కేటాయించిన చివరి రెండు అధ్యాయాల్లోనూ శరణార్థి శిబిరాల బతుకు దూరం నుంచే కనిపిస్తుంది. విద్యార్థులు ఈ గ్రంథంతోనే మొదలుపెట్టవచ్చు. పక్కన 2005లో అచ్చయిన ఆ 1946 వాంగ్మూలాన్ని కూడా పెట్టుకోవాలి.