పేరు కాదు, ఆనవాలు

సర్వర్ గదిలో పాడవబోతున్న డిస్కును మార్చే అడ్మిన్ నిదానం నాకెంతో ఇష్టం. లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు శాశ్వతం కావు. కెర్నెల్ డిస్కులను గుర్తించిన వరుసను బట్టి వస్తాయి. మళ్లీ బూట్ చేస్తే తారుమారు కావచ్చు. అందుకే పని తెలిసినవారు ఆ పేర్లను నమ్మరు. ఎల్ఎస్‌బీఎల్‌కే కొట్టి, ఏ డిస్కులో ఏ పార్టిషన్ ఉందో చూస్తారు. బీఎల్‌కేఐడీతో మళ్లీ బూట్ చేసినా మారని గుర్తు యూయూఐడీని తీసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో దాన్నే రాస్తారు.

అసలు నేర్పు, పలు డిస్కులను కలిపి వాడుకునే ఎల్‌వీఎం దగ్గర కనిపిస్తుంది. అక్కడ ఒకే లాజికల్ వాల్యూమ్ రెండు మూడు డిస్కుల మీద పరుచుకుని ఉండొచ్చు, మామూలుగా 4 మెగాబైట్ల ముక్కలుగా. పైనుంచి చూస్తే ఒక్కటే, కింద చెల్లాచెదురు. ఉమ్మడి పొలంలో ఎవరి గట్టు ఎక్కడుందో ఎరిగిన పెద్దమనిషిలా, మంచి అడ్మిన్ ఎల్‌వీఎస్‌కు డివైసెస్ వరుస జోడించి ఏ ముక్క ఎక్కడుందో చెప్పేస్తారు. పీవీమూవ్‌తో ఆ ముక్కలను వేరే డిస్కుకు తరలిస్తారు, అదీ సర్వర్ నడుస్తుండగానే! ఎంత అందమైన పని! ఆపై వీజీరెడ్యూస్‌తో పాత డిస్కును వాల్యూమ్ గ్రూపు నుంచి తప్పిస్తారు. తెరమీది సీరియల్ నంబరును డిస్కు లేబుల్‌తో అక్షరం అక్షరం సరిచూశాకే చేయి ముందుకు వెళ్తుంది.