103 పెట్టాలా, 76 పెట్టాలా?

నవంబరు వచ్చిందంటే మిషిగన్‌లో మనవాళ్ల గరాజుల్లో జాకీలు బయటికొస్తాయి, చలికాలం టైర్లు మార్చాలి కదా. షాపువాడికి డబ్బెందుకు దండగ అనుకునే బాపతు నేనూ ఉన్నాను.

టొయోటా క్యామ్రీ మాన్యువల్‌లో చక్రం నట్లకి రెండు అంకెలుంటాయి: 103 న్యూటన్ మీటర్లు, 76 ఫుట్ పౌండ్లు. రెండూ ఒకే బిగువు. అడ్డంగా ఉన్న అడుగు పానా చివర ఒక పౌండు బరువు వేలాడదీస్తే నట్టు మీద పడే టార్క్ ఒక ఫుట్ పౌండు. దాన్ని 1.356తో హెచ్చవేస్తే న్యూటన్ మీటర్లొస్తాయి. పాత మెకానిక్కుల కేజీ మీటర్లలో అయితే పదిన్నర. తమాషా ఏమిటంటే, ఆ నట్టుకి పట్టే సాకెట్ 21 మిల్లీమీటర్లు! నట్టు మెట్రిక్‌కి మారినా అమెరికావాడి చెయ్యి మారలేదు. 1975లో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం పెట్టిన మెట్రిక్ చట్టం ఇష్టమున్నవాళ్లనే మారమంది మరి.

"అన్నా, పాయింటు తర్వాత ఇంకో అంకె వెయ్యాలా?" అని మా వీధి తమ్ముడు అడుగుతాడు. అక్కర్లేదు. మనకి కావలసింది నట్టు ఎక్కే స్టడ్డు సాగి చక్రాన్ని హబ్‌కి అదిమిపట్టడం. మనం తిప్పిన బలంలో అక్కడికి చేరేది ఇంచుమించు పదో వంతే, మిగతాదంతా మరల్లోనూ నట్టు కిందా రాపిడికే పోతుంది. మరకి నూనె రాస్తే అదే 76 దగ్గర స్టడ్డు ఎక్కువ సాగుతుంది. తుప్పుంటే, పెట్టిన అంకె రాగానే టక్‌మనే టార్క్ రెంచి మోగినా బిగువు చాలదు. ఆ అంకె మీద పెట్టే శ్రద్ధేదో వైరు బ్రష్ మీద పెడితే మేలు. ఐదు నట్లనీ ఒకటి విడిచి ఒకటి బిగించాలి. టక్‌మనగానే ఆపాలి. నమ్మకం కోసం ఇంకో రెండు టక్కులు కొట్టించేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమంట.

యూనిట్ తప్పితే మాత్రం కథ వేరు. ఫుట్ పౌండ్ల స్కేలు మీద 103 పెడితే పడేది 140 న్యూటన్ మీటర్లు. 1999 సెప్టెంబరు 23న నాసా అంగారక నౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది ఇలాంటి తేడాతోనే. నౌకలోని తిరుగుడు చక్రాల వేగం దించడానికి థ్రస్టర్లు పేల్చేవారు. ఆ తోపుని లాక్‌హీడ్ మార్టిన్ సాఫ్ట్‌వేర్ పౌండ్ సెకన్లలో ఇస్తే, నాసా వాళ్లు న్యూటన్ సెకన్లనుకున్నారు. తేడా 4.45 రెట్లు.

రెంచి కొనేటప్పుడు ఇంచ్ పౌండ్లది చేతికి రాకుండా చూసుకోండి, 12 కలిస్తేగానీ ఒక ఫుట్ పౌండు కాదు. టైరు వేశాక 50, 100 మైళ్లు తిరిగి మళ్లీ ఒకసారి బిగువు చూడండి. పనయ్యాక స్కేలుని అట్టడుక్కి తిప్పి పెట్టెలో పెట్టండి, లోపలి స్ప్రింగ్ పదికాలాలు ఉంటుంది.