హంతకుడి పేరు, పెన్సిల్‌తో

మా ఊరి బస్టాండు ఎదురు సందులో అద్దె పుస్తకాల షాపు ఉండేది. నవలకి రోజుకి పావలా. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు అట్టలు ఊడిపోయి, మైదా జిగురుతో అంటించిన ఖాకీ కాగితం చొక్కాలు తొడుక్కుని పై అరలో ఉండేవి. ఎనిమిదో తరగతి వేసవి సెలవుల్లో అలాంటిదే ఒకటి తెచ్చుకుని, అరుగు మీద బోర్లా పడుకుని తెరిచాను. పన్నెండో పేజీలో ఒక పేరు కింద పెన్సిల్ గీత. పక్కన గుండ్రటి అక్షరాలు: ‘హంతకుడు వీడే’.

ప్రాణం ఉసూరుమంది. ఎండలో పరుగెత్తుకెళ్లి పుస్తకాన్ని బల్ల మీద పడేశాను. షాపాయన కళ్లజోడు పైకి తోసుకుని చూసి, “వీడి నోట్లో నువ్వుగింజ నానదు” అన్నాడు. పావలా మాత్రం తీయలేదు. “ఎలాగూ తెలిసిపోయింది కదా, వాడెలా దాక్కున్నాడో చూస్తూ చదువు” అన్నాడు. పావలా దక్కించుకోవడానికి అన్న మాటే. కానీ నవలలు చదవడం గురించి నాకెవరైనా పాఠం చెప్పారంటే ఆయనే.

అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ కూడా నేను గుట్టు తెలిశాకే చదివాను. కాలేజీ రోజుల్లో ఓ స్నేహితుడు టీ తాగుతూ నోరు జారాడు. 1926లో వచ్చిన నవల అది. కథంతా కింగ్స్ అబట్ అనే ఇంగ్లండు పల్లెటూళ్లో జరుగుతుంది. ఓ రైల్వే స్టేషను, చిన్న పోస్టాఫీసు, ఒకదానికొకటి పడని రెండు కిరాణా కొట్లు. పెళ్లికాని పెద్దమ్మాయిలు, రిటైరైన మిలిటరీ ఆఫీసర్లు. వీళ్లందరికీ పొద్దు గడిచేది ఊరి కబుర్లతోనే. డిటెక్టివ్ ఎర్క్యూల్ పొయిరో ఇక ఈ గొడవలు చాలనుకుని, ఆ ఊళ్లో చేరి గుమ్మడి జాతి కాయలు పండించుకుంటూ ఉంటాడు. ఊళ్లో పెద్ద ఆసామి ఆక్రాయిడ్ హత్యతో ఆయన పెరటి సేద్యం మూలపడుతుంది.

హంతకుడెవరో తెలిసినవాడికి ఈ నవలలో ఇంకేం మిగులుతుందనుకున్నాను. కరొలైన్ మిగిలింది. కథ చెప్పే డాక్టర్ షెపర్డ్‌కి అక్క ఆవిడ. గడప దాటకుండానే ఊరి సంగతులన్నీ ఆవిడకి చేరతాయి. ఊళ్లో ఓ ఇంటి వంటమనిషి పాలవాడికి, పాలవాడు వీళ్ల పనమ్మాయికి, పనమ్మాయి ఆవిడకి. రోగిని చూసొచ్చిన తమ్ముడు కోటు విప్పేలోపే అక్క దగ్గర కబురు సిద్ధంగా ఉంటుంది.

ఒక అధ్యాయంలో నలుగురు కూర్చుని మాజాంగ్ ఆడతారు. బిళ్లలతో ఆడే చైనా ఆట, అప్పట్లో ఇంగ్లండులో దానికి తెగ గిరాకీ. ఒక బిళ్ల పడుతుంది, ఒక అనుమానం బయటికొస్తుంది. ఇంకో బిళ్ల, ఇంకో చాడీ. ఎవరి ఎత్తు ఏమిటో మరిచిపోయేటంత కబుర్లు. చివరికి డాక్టరుకి నూటికో కోటికో వచ్చే గెలుపు ముక్కలు మొదటి పంపకంలోనే పడతాయి. ఆ సంబరంలో, పైగా అక్క ఎత్తిపొడుపు పడలేక, చెరువులో దొరికిన ఉంగరం సంగతి కక్కేస్తాడు. మనుషుల్ని బోనెక్కించి అడిగితే రాని నిజం, సరదాగా ఉన్నప్పుడు నోరు జారి వస్తుంది. పొయిరో కష్టపడి కూడబెట్టుకున్న రహస్యం ఆ టేబుల్ మీద అర నిమిషంలో ఖర్చయిపోయింది. పేకాట జరిగే అరుగులున్న ఊళ్లో పెరిగినవాణ్ణి. ఈ దృశ్యం నాకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ నవల చదివినవాళ్లు అప్పుడూ ఇప్పుడూ రెండు జట్లు. ముగింపులో రచయిత్రి మోసం చేసిందని మొదట్లోనే కోప్పడినవాళ్లున్నారు. అందర్నీ అనుమానించాల్సిన బాధ్యత పాఠకుడిదేనని మరో డిటెక్టివ్ రచయిత్రి డొరొతీ సేయర్స్ వెనకేసుకొచ్చింది. జాగ్రత్తగా చదివితే నేనెక్కడా తప్పు చేయలేదని తెలుస్తుందని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకుంది. 1944లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ డిటెక్టివ్ కథల్ని చెరిగిపోస్తే, మీరు మంచివి చదవలేదంటూ పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. వాళ్లు చెప్పినవి కొన్ని చదివి, 1945లో ఆయన ఇంకా ఘాటుగా రాశాడు. ఆక్రాయిడ్‌ని ఎవరు చంపితే ఎవడిక్కావాలి అన్నది ఆ వ్యాసం పేరు. ఫ్రాన్సులో పియెర్ బయార్ అనే ప్రొఫెసరుకైతే అది కావలసి వచ్చింది. పొయిరో పొరబడ్డాడనీ అసలు హంతకులు వేరనీ 1998లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. 2013లో బ్రిటన్ క్రైమ్ రచయితల సంఘం సభ్యులు ఓట్లేసి ఎన్నుకున్న అత్యుత్తమ క్రైమ్ నవల మళ్లీ ఇదే.

ఈ తగవంతా హంతకుడి చుట్టూనే. మరి కరొలైన్ సంగతి? ఆ నవలలో తనకి బాగా ఇష్టమైన పాత్ర ఆవిడేనని క్రిస్టీయే చెప్పింది. 1928లో ఈ కథని నాటకంగా వేసినప్పుడు కరొలైన్‌ని తీసేసి ఓ అందమైన పడుచుపిల్లని పెట్టారు. క్రిస్టీకి అది కష్టంగా తోచింది. మిస్ మార్పుల్ పుట్టుకకి బీజం కరొలైన్‌ని రాయడంలో తనకి కలిగిన ఆనందంలోనే పడి ఉండొచ్చని కూడా రాసింది. 1930లో మార్పుల్ మొదటి నవల వచ్చింది. ఊరి కబుర్లు పోగేసే పెద్దావిడ ఈసారి పక్కపాత్ర కాదు, తనే డిటెక్టివ్.

మా ఇంట్లో ఈ నవలకి వచ్చిన తీర్పులు కూడా చెప్పాలి. మా బావ చివరి పేజీ మూసి, “ఇది అన్యాయం” అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మా అమ్మాయి, “నాకు సగంలోనే తెలిసిపోయింది” అంది. సగంలో నలుగురి మీద అనుమానపడి, ఆఖర్న నిజమైన పేరొక్కటీ గుర్తుంచుకునే రకం అది. మూడో తీర్పు మా అత్తయ్యది.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదు. కంటి ఆపరేషనై మంచం మీద ఉన్న రోజుల్లో సాయంత్రానికో అధ్యాయం చొప్పున నేనే చెప్పాను. హంతకుడెవరని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగినవన్నీ వేరు. “పాలవాడికి ఆవిడ డబ్బులేమైనా ఇస్తుందిట్రా?” “ఆ తమ్ముడికి పెళ్లెందుకు కాలేదు?” “పనిపిల్లని ఇంట్లో కూచోబెట్టి మాట్లాడిస్తుందా, గుమ్మంలోనేనా?” కబురు ఎలా ప్రయాణం చేస్తుందో డెబ్బై ఏళ్లుగా చూసిన మనిషి అడగాల్సిన ప్రశ్నలు. వాటికి జవాబుల కోసం నేను పుస్తకం మళ్లీ తిరగేయాల్సి వచ్చింది. ఆ తిరగేయడంలో, నోరు జారిన స్నేహితుడు నాకేమీ పాడుచేయలేదని తెలిసింది. పేరు చెప్పగలిగాడు గానీ కింగ్స్ అబట్‌ని ఒక వాక్యంలో చెప్పేయడం ఎవరి తరం?

ఆఖరి అధ్యాయం చెప్పిన సాయంత్రం అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. బావలాగా కోప్పడుతుందేమో, అమ్మాయిలాగా ముందే తెలుసంటుందేమో అని చూశాను. కంటి మీది పచ్చగుడ్డ సర్దుకుని, “అయితే ఒరే, ఈ సంగతి ఆ అక్కగారికి తెలిసిందా, లేదా?” అంది.

అత్తయ్యకి జవాబు చెప్పాను. ఇక్కడ మాత్రం చెప్పను. చెబితే మీ పుస్తకం పన్నెండో పేజీలో నేను పెన్సిల్ గీత గీసినట్టే.