కల చెప్పినవాడే అర్థమూ చెప్పాలి

మనోవిశ్లేషకురాలు ఎల్లా ఫ్రీమన్ షార్ప్ ఎంతటి మనిషో తెలియాలంటే ఒక దగ్గు సంగతి చెబితే చాలు. 1930లలో లండన్‌లో ఆమె దగ్గరికి ఒక లాయరు చికిత్సకు వచ్చేవాడు. తెలివికి లోటులేదు. కానీ నెగ్గుతానేమోనన్న ఆలోచనకే వణికిపోయి ప్రాక్టీసు ఆపుకున్నాడు. మూడేళ్లప్పుడే తండ్రి పోయాడు. మెట్లెక్కి వస్తుంటే అడుగుల చప్పుడైనా వినిపించనివ్వడు. అలాంటివాడు కొన్నాళ్లుగా గదిలోకి వచ్చేముందు చిన్నగా దగ్గడం మొదలుపెట్టాడు. షార్ప్ గమనించింది, లోలోపల సంతోషించింది, పైకి మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే ఆ దగ్గు ఆగిపోతుందని ఆమెకు తెలుసు.

ఒకరోజు ఆ ప్రస్తావన అతనే తెచ్చాడు. అలాంటి దగ్గు ఎందుకు పనికొస్తుందని అడిగింది. లోపల ఇద్దరు ఏకాంతంగా ఉంటే, మనం వస్తున్నట్టు తెలియజెయ్యడానికి అన్నాడు. అక్కడినుంచి మాటలో మాటగా పాత ఊహ ఒకటి బయటికొచ్చింది: ఉండకూడని గదిలో ఉన్నప్పుడు ఎవరైనా వస్తే కుక్కలా మొరిగితే సరి, 'కుక్కేలే' అనుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియదంటూ, రాత్రి వచ్చిన పెద్ద కల చెప్పాడు. భార్యతో ప్రపంచయాత్ర, చెకోస్లొవేకియాలో ఒక దారి, దారిలో ఒక స్త్రీ. ఆ దగ్గునీ మొరుగునీ కలనీ ఒక్క దారానికి ఎక్కించిన తీరు 1937లో వచ్చిన ఆమె పుస్తకం 'డ్రీమ్ అనాలిసిస్'లో ఒక అధ్యాయమంతా ఉంది. కొద్దిరోజుల తర్వాత టెన్నిస్ ఆడుతూ, తనని వెక్కిరించినవాడి మెడ ఆటగా పట్టుకుని ఇంకోసారి అలా అనొద్దని హెచ్చరించాడట ఆ లాయరు. అడుగుల చప్పుడు దాచుకునే మనిషి! పారిస్‌లో మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ 1959లో వారాల తరబడి ఈ ఒక్క కల మీదే ఉపన్యాసాలు ఇచ్చాడంటే ఆశ్చర్యం ఏముంది?

షార్ప్ ఈ వృత్తిలోకి రాకముందు ఇంగ్లిష్ సాహిత్యం చెప్పిన టీచరు. ఆమె బలమంతా అక్కడే ఉందని నా నమ్మకం. కవిత్వం ఏ పనిముట్లతో నడుస్తుందో కలా వాటితోనే నడుస్తుందని ఆమె బోధించింది: ఉపమ, రూపకం, శ్లేష, భాగం చూపించి మొత్తాన్ని స్ఫురింపజెయ్యడం. అలంకారశాస్త్రం కాస్త తెలిసిన తెలుగువాడికి ఇది పరాయి విద్యలా అనిపించదు. వాచ్యం వెనక వ్యంగ్యం ఉంటుందని ఆనందవర్ధనుడు చెప్పి వెయ్యేళ్లు దాటింది.

కలల మీద పాత పుస్తకాలు మనకూ ఉన్నాయి. చరకసంహిత కలల్ని ఏడు రకాలుగా చెప్పింది. చూసినవాటివల్ల, విన్నవాటివల్ల, కోరికలవల్ల వచ్చేవాటి నుంచి శరీర దోషాలవల్ల వచ్చేవాటి దాకా. సుందరకాండలో త్రిజట కల ఎవరికి తెలియదు? అవన్నీ ఘనమైనవే. కానీ అర్థాన్ని కల వచ్చినవాడి నోటినుంచే రాబట్టి, దాంతోనే జబ్బు నయం చెయ్యాలన్న పట్టుదల ఫ్రాయిడ్‌ది. 1895 జులైలో, వియన్నా శివార్లలో బెల్‌వ్యూ అనే చోట, ఇర్మా అనే పేరు పెట్టిన రోగి గురించి తనకే వచ్చిన కలను ముక్కముక్కగా విప్పాడు. పెద్ద హాలు, అతిథులు, ఇర్మా గొంతులో తెల్లటి మచ్చ, స్నేహితుడైన డాక్టరు చేసిన ఇంజక్షన్, సిరంజి శుభ్రంగా లేదేమోనన్న అనుమానం. విప్పుకుంటూ పోతే అడుగున తేలింది ఒక్కటే కోరిక: ఆమెకు నయం కాకపోతే తప్పు నాది కాకూడదు. తన కోరికను తానే పట్టుకుని లోకం ముందు పెట్టిన ఆ ధైర్యానికి నమస్కారం పెట్టాలి. ఈ కలను విప్పి చూపించిన ఆయన పుస్తకం 1899 నవంబరులో వచ్చినా అట్ట మీద 1900 అని వేశారు. అచ్చయినవి 600 ప్రతులు. అవి అమ్ముడుపోవడానికి దాదాపు ఎనిమిదేళ్లు పట్టింది.

ఇక పద్ధతి. చెప్పడానికి తేలిక, చెయ్యడానికి ఏళ్ల సాధన కావాలి. రోగి కల చెబుతాడు. వైద్యుడు మొత్తం కలకి అర్థం అడగడు. ఒక్కో ముక్క తీసి, దీన్ని తలుచుకుంటే ఏం తోస్తోందని అడుగుతాడు. తోచినదంతా చెప్పాలి, సిగ్గనీ, చిన్న విషయమనీ, అసందర్భమనీ దాటెయ్యకూడదు. నిన్న జరిగిన చిల్లర సంగతి ఏదో ఒకటి కలలో తప్పకుండా దూరి ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. కల నలుగురు మనుషుల్ని కలిపి ఒక్క మనిషిగా చూపిస్తుంది. గుండెల్లో ఉన్న బరువును ఏ గొడుగు మీదికో చెప్పు మీదికో నెట్టేస్తుంది. ఆలోచనని బొమ్మగా మారుస్తుంది. లేచాక మనం చెప్పేటప్పుడు అతుకులు వేసి కథలా నున్నగా చేస్తాం, ఆ నునుపునీ నమ్మకూడదు.

ఆలోచన బొమ్మగా మారడం అన్నాను. అన్నదమ్ముల ఆస్తి తగాదాలో వాటా పోగొట్టుకున్న ఒక మనిషికి నోటినిండా మట్టి ఉన్నట్టు, ఎంత ఉమ్మినా పోనట్టు రోజూ కల వస్తోందనుకోండి. ఫలితాలు చెప్పేవాళ్లు మట్టి కనిపించింది కాబట్టి భూలాభం అని రాసేస్తారు. వినడం తెలిసిన వైద్యుడు మట్టి అంటే ఏం తోస్తోందని అడిగి ఊరుకుంటాడు. కాసేపటికి ఆ మనిషే అంటాడు: "మా అన్న నా నోట్లో మట్టికొట్టాడు కదండీ." అన్నని దేవుడిలా చూశానని ఇన్నాళ్లూ చెబుతున్నవాడు ఆ మాట అన్నాక ఏడుస్తాడు. ఆ ఏడుపుతోనే చికిత్స మొదలవుతుంది. ఈ కలని ఇంగ్లిష్‌లో చెప్పించుకుంటే ఏం మిగులుతుంది? ప్రతి భాషకీ తన కలభాష ఉంటుందని హంగరీ మనోవిశ్లేషకుడు ఫెరెంజీ అన్నది ఇందుకే.

గొప్ప పనితనం అంటే తోడేళ్ల కల గురించి చెప్పకుండా ఉండలేను. సెర్గేయ్ పాంకెయెఫ్ అనే రష్యన్ జమీందారు బిడ్డకి నాలుగేళ్లు నిండబోతుండగా వచ్చిన కల అది. కిటికీ తనంతట తానే తెరుచుకుంటుంది. ఎదురుగా వాల్‌నట్ చెట్టు మీద తెల్లటి తోడేళ్లు ఆరో ఏడో కదలకుండా కూర్చుని తనవైపే చూస్తుంటాయి. ఫ్రాయిడ్ ఈ కల దగ్గర ఏళ్లు గడిపాడు. కిటికీ తెరుచుకోవడం అంటే పిల్లవాడి కళ్లు తెరుచుకోవడం. తోడేళ్ల నిశ్చలత్వం అంటే తలకిందులు చేసిన విపరీతమైన కదలిక. నిశ్చలతలో కదలికని చూడగలిగిన ఆ కన్ను ముందు నేను ప్రతిసారీ తలవంచుతాను. పసివాడు నిజంగా ఏం చూశాడన్న దాని మీద ఆయన కట్టిన ఊహ నిలబడుతుందా అన్న వాదం నేటికీ తెగలేదు. అది తెగకపోయినా ఆ విప్పడంలోని నేర్పు చెక్కుచెదరదు.

ఇంత నేర్పు ఉన్నవాడు 1911లో వైద్యులకి రాసిన సలహా మరీ గొప్పది. ఒక్క కలని పూర్తిగా తేల్చేదాకా పట్టుకు వేలాడకండి. రేపు రోగి వేరే సంగతితో వస్తే నిన్నటి కల వదిలేసి దాని వెంట వెళ్లండి. తేలనిది ఇంకో కలలో మళ్లీ వస్తుంది. పాండిత్యం చూపించుకోవడానికి కాదు, మనిషి బాగుపడటానికి కల వింటున్నాం అన్న ఎరుక అది.

స్విస్ మనోవైద్యుడు యూంగ్ అభిమానులు నన్ను క్షమించాలి. ఆయన ప్రతిభ చిన్నదని అనను. భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ కలల వరుసని ఓపిగ్గా చదివిన పని అపురూపం. కొండలెక్కే పిచ్చి ఉన్న సహోద్యోగి ఒకాయన శిఖరం మీదినుంచి గాల్లోకి అడుగువేసినట్టు కల చెబితే, ఒంటరిగా ఎక్కొద్దని యూంగ్ బతిమాలాడు. ఆయన వినలేదు, కొండమీదే పోయాడు. కానీ రోగి ఒక్క ముక్క చెప్పగానే పురాణాలూ రసవాదమూ తెచ్చి కుమ్మరించే ఆ పద్ధతిలో కల చెప్పినవాడి గొంతు మునిగిపోతుందని నా బాధ. నేను షార్ప్ పక్షం.

మన దేశంలో ఈ విద్యకి దీపం పెట్టినవారు గిరీంద్రశేఖర్ బోస్. కలకత్తాలో 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించారు, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లోనే ధైర్యంగా వాదించారు, కలల మీద బెంగాలీలోనే 'స్వప్న' అనే పుస్తకం రాశారు. 1931లో కలకత్తా నుంచి వెళ్లిన దంతపు విష్ణుమూర్తి ఫ్రాయిడ్ బల్ల మీద చోటు సంపాదించుకుంది. మాతృభాషలో రాయాలన్న బోస్ పట్టుదల తెలుగునాట అంతగా కనిపించకపోవడం నాకు తీరని వెలితి.

కల విప్పడం అన్ని జబ్బులకీ మందు అనడం లేదు. మాటలు వినిపిస్తున్నాయనేవాడికీ, చావాలనిపిస్తోందనేవాడికీ ముందు మానసిక వైద్యుడు, మందులు, పక్కన మనిషి కావాలి. కానీ దిగులు, ఆందోళన, తెగని దుఃఖం, పాత దెబ్బ తాలూకు భయం ఉన్నచోట కల ఇచ్చే సమాచారం ఇంకేదీ ఇవ్వదు. షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ విడాకుల దిగులులో ఉన్నవాళ్లని నిద్ర ప్రయోగశాలలో పరిశీలించింది. విడిపోయిన మనిషి కలల్లోకి వచ్చి, ఆ కలల్లో భావావేశం బలంగా ఉన్నవాళ్లే తర్వాత బాగా కోలుకున్నారని తేల్చింది. పీడకలని పగలు మార్చి ఊహించుకునే కొత్త పద్ధతి కూడా ఉపశమనం ఇస్తుంది, కాదనను. ఆ కల ఎందుకొచ్చిందన్న ప్రశ్న మాత్రం అక్కడే మిగిలిపోతుంది.

మెదడు కాండం నుంచి వచ్చే గజిబిజి సంకేతాలకి మెదడు అల్లే కథే కల అని 1977లో హాబ్సన్, మెకార్లీ అనే పరిశోధకులు అన్నారు. అంతే, ఫ్రాయిడ్ పని అయిపోయిందని చాలామంది చప్పట్లు కొట్టారు. కానీ మార్క్ సోమ్స్ అనే పరిశోధకుడు మెదడు దెబ్బతిన్న రోగుల్ని వందల సంఖ్యలో పరిశీలించి 1997లో పుస్తకం వేశాడు. కోరికనీ తపననీ నడిపే ముందుభాగపు దారులు తెగినవాళ్లకి, కళ్లు చకచకా కదిలే నిద్ర (REM) ఉన్నా కలలు ఆగిపోయాయి. ఈ మాట ఆ చప్పట్లు కొట్టినవాళ్ల చెవిన పడినట్టు లేదు.

శాస్త్రం నుంచి వచ్చిన దెబ్బకన్నా నకిలీ సరుకు కొట్టిన దెబ్బే పెద్దది. ఫోను తెరవండి. పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది, నీళ్లు కనిపిస్తే ధనం. ఎర్రటి అక్షరాలు, భయపెట్టే సంగీతం, చివర్లో తాయెత్తు అమ్మకం. పంచాంగంలోని స్వప్నఫలితాలకైనా ఒక సంప్రదాయం ఉంది, వీటికి అదీ లేదు. ఇప్పుడు కలని టైపు చేస్తే క్షణంలో అర్థం చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. క్షణంలో! షార్ప్ ఒక దగ్గు కోసం రోజుల తరబడి నోరు కట్టుకుని కూర్చుంది.

నా దగ్గరి బంధువు ఒకామెకి భర్త పోయాక, ఆయన గుమ్మంలో నిలబడి పిలుస్తున్నట్టు పదేపదే కల వచ్చేది. డాక్టరు దగ్గర చెప్పబోతే సగంలోనే ఆపి నిద్రమాత్ర మోతాదు పెంచారు. చనిపోయినవారు పిలిస్తే చావు తప్పదని చెప్పే వీడియో చూసి ఆమె తన రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఏమని పిలుస్తున్నారమ్మా, ఆ గుమ్మం ఎవరింటిది అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. దీన్ని తలుచుకుంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది.

ఓపీ ముందు క్యూ ఎంత ఉంటుందో, ఒక్కో రోగికి ఎన్ని నిమిషాలు దక్కుతాయో నాకు తెలుసు. అయినా క్లినికల్ సైకాలజీ చదువుతున్న మన పిల్లల్ని చేతులు జోడించి అడుగుతున్నాను. షార్ప్ పుస్తకం చదవండి. పరీక్షల కోసం ఫ్రాయిడ్‌ని నాలుగు లైన్లలో బట్టీపట్టి వదిలెయ్యకండి. మీ దగ్గరికొచ్చిన మనిషిని ఈ మధ్య కలలేమైనా వచ్చాయా అని తెలుగులో అడగండి, అడిగాక మధ్యలో మాట్లాడకండి. మీ పనిని అనుభవజ్ఞుల ముందు పెట్టి దిద్దించుకోండి. చేసినదాన్ని, రోగి వివరాలు దాచి, తెలుగులో రాయండి. కలలతో బాధపడుతున్నవాళ్లకి ఒక్క మాట: ఫోనులో వెతక్కండి. లేవగానే గుర్తున్నది గుర్తున్నట్టు, అతుకులు వెయ్యకుండా కాగితం మీద పెట్టండి. దాన్ని పూర్తిగా విని, అర్థం తాను చెప్పకుండా మిమ్మల్ని అడిగే మనిషి దగ్గరికే తీసుకెళ్లండి.