మోగ్ యంత్రము - దాని మెట్లు

కాట్రేనికోన వంటి కోనసీమ గ్రామములలో పద్యనాటకము చూచినవారికి హార్మోనియమును పరిచయము చేయ నక్కరలేదు. పద్యమెత్తుకొను నటునికి శ్రుతి నందించునది అదియే. అయినను రాగము తీయునపుడు నటుని గొంతు ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జారును, హార్మోనియము జారలేదు. ఒక మెట్టు విడిచి మరియొక మెట్టు నొక్కవలసినదే. రేడియోవారు 1940లో హార్మోనియమును బహిష్కరించినపుడు చెప్పబడిన ఆక్షేపణలలో ఇది ముఖ్యమైనది. ఆ నిషేధము సుమారు ముప్పది సంవత్సరములు సాగినది.

విద్యుత్తుతో శబ్దమును పుట్టించు యంత్రములు వచ్చినపుడైనను ఈ లోపము తీరవలసినది. తీరలేదు. అందులకు కారణము విద్యుత్తులో లేదు, యంత్రపు ముందుభాగమున నున్నది.

1964లో అమెరికాలోని ట్రూమాన్స్‌బర్గులో రాబర్ట్ మోగ్ అను ఇంజనీరు, హెర్బర్ట్ డాయిష్ అను సంగీతకర్తతో కలిసి యోచించి, ఒక యంత్రమును నిర్మించెను. (ఆయన ఇంటిపేరును 'మూగ్' అని పలుకువారు పెక్కురు గలరు, ఆయన మాత్రము 'మోగ్' అనియే పలికెడివాడు. తెలుగువారికి ఇది గుర్తుంచుకొనుట సులభము.) ఆ యంత్రము ఒకే పెట్టె కాదు, విడివిడి భాగముల కూర్పు. డోలకము ప్రకంపనములను పుట్టించును. వడపోత భాగము హెచ్చు పౌనఃపున్యములను తగ్గించి నాదపు రంగును మార్చును. వర్ధకము ధ్వని యొక్క హెచ్చుతగ్గులను శాసించును. వీటిని వాయించువాడు తన ఇష్టము వచ్చినట్లు తీగలతో కలుపుకొనును.

ఈ భాగములన్నిటిని శాసించునది వోల్టేజి. డోలకమునకు ఒక వోల్టు పెంచినచో శ్రుతి సరిగా ఒక స్థాయి పెరుగును. 220 ప్రకంపనముల నాదము 440 అగును, మరియొక వోల్టునకు 880 అగును. సెకనుకు ఆరుసార్లు ఊగు మరియొక డోలకమును దీనికి తగిలించినచో స్వరము కంపించును. దానినే వర్ధకమునకు తగిలించినచో ధ్వని హెచ్చుచు తగ్గుచు నుండును. ఒకే సూత్రముతో ఇన్ని పనులు చేయించిన ఊహ వాద్యనిర్మాణములో అరుదు.

వోల్టేజికి మెట్లు లేవు. షడ్జమునకు రిషభమునకు నడుమ అది ఎచ్చటనైనను నిలువగలదు. గోదావరి నీటివలె ఎడతెగక సాగు ఈ శక్తికి మోగ్ పియానో మెట్లను లాకులుగా కట్టినాడు. ఒక మెట్టునకు మరియొక మెట్టునకు వోల్టులో పన్నెండవ వంతు భేదము. వ్యాపారదృష్టితో చూచినచో ఇది తప్పు కాదు. పియానో నేర్చినవారందరును యంత్రమును వెంటనే వాయింపగలిగిరి. 1968లో వెండీ కార్లోస్ ఈ యంత్రముపై బాఖ్ కృతులను వాయించి వెలువరించిన రికార్డు లోకమెల్ల ప్రచారము పొందినది.

దోషము పన్నెండు విభాగములదని కొందరు తలచుట కలదు. అది సరికాదు. వీణకును మెట్లు 24, అనగా స్థాయికి పన్నెండే. అయినను గౌతమి ఆవల ద్రాక్షారామములో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగాని, కాకినాడలో జన్మించిన ఆయన శిష్యుడు చిట్టిబాబుగాని వీణపై పలికింపలేని గమకము లేదు. మెట్టుపై నొక్కిన తంతిని వ్రేలు ప్రక్కకు లాగును, బిగువు పెరుగును, శ్రుతి లేచును. తోడి రాగపు గాంధారము ఇట్లు ఊగినపుడే తోడి అనిపించును. మోగ్ మెట్టు అట్లు కాదు. నొక్కిన పిమ్మట వ్రేలు ఏమి చేసినను అది వినదు.

మోగ్ దీనిని ఎరుగనివాడు కాడు. జారుటకొక బొత్తాము అమర్చినాడు. కాని అందులో కెపాసిటరు నిండుచుండగా స్వరము మొదట వేగముగ, చివర మెల్లగ జారును. ప్రతి జారుడును ఒకే అచ్చు. వ్రేలితో రాయదగిన ఒక పట్టీని కూడ విక్రయించినాడు. గమకమునకు ఇది తగినదే, అయితే దానిపై స్వరస్థానములను చూపు మెట్లు లేవు. వీణలో ఈ రెండును ఒకే వ్రేలి క్రింద నున్నవి.

అదే కాలమున కాలిఫోర్నియాలో డాన్ బుక్లా పియానో మెట్లను విసర్జించి, వ్రేలి ఒత్తిడిని గ్రహించు లోహపు పలకలను అమర్చెను. ధైర్యముగల ఆలోచన. కాని ప్రతి పలకకును విడిగా శ్రుతి చేయవలెను. తెలిసిన పాట వాయింపదలచినవానికి అది ప్రయాస.

మన వేడిమి మరియొక చిక్కు. ట్రాన్సిస్టరులో ప్రవాహము రెట్టింపగుటకు 27 డిగ్రీల వద్ద 18 మిల్లీవోల్టులు చాలును, వేడి పెరిగిన కొలది ఇంకను కావలెను. పరిహారము లేనిచో 5 డిగ్రీల మార్పునకే మూడు స్థాయిలలో రెండు మెట్ల నడిమి ఎడములో సగమునకు మించి శ్రుతి చెడును. మోగ్ తొలి డోలకములు ఈ దోషమునకు పేరుబడినవే.

అట్టి యంత్రమొకటి 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థకు వచ్చినది. డేవిడ్ ట్యూడర్ దానిని నెలకొల్పగా, గీతా సారాభాయి మొదలగువారు 1972 వరకు దానిపై పనిచేసిరి. 2023లో వెలువడిన ఆ ధ్వనిముద్రణలలో 'మై బర్డ్స్', 'స్పేస్ లైనర్ 2001' అను పేర్లు కనబడును. రాగమును మెట్లపై బలవంతముగ ఎక్కింపక క్రొత్త నాదములను వెదకినవారు యంత్రపు స్వభావము నెరిగినవారనవలెను.

ఈ భేదమును పాఠశాలలోనే వినిపింపవచ్చును. 555 అను చిన్న ఐసీతో డోలకమొకటి కట్టి, మారు నిరోధమును వ్రేళ్ళతో త్రిప్పుచు గాంధారమును ఊపి చూడవలెను. పిదప దాని స్థానమున కొన్ని స్థిర నిరోధములను స్విచ్చులతో అమర్చి అదే గాంధారమును ప్రయత్నింపవలెను.